గాట్లు పెట్టిన పానాలు

అన్నయ్య లారీ పని మానేసి ఇంటికి వచ్చిన పొద్దున ఆకాశం, సున్నం ఆరకముందే చెయ్యి తగిలిన గోడలా ఉంది. ఎటు చూసినా తెలుపే, తూర్పున మాత్రం కాస్త మసక. ఎండాకాలం అప్పుడే మొదలైంది. ఆ మసకని చూసి వాన అనుకోవడానికి లేదు, ఎండ అనుకోవడానికీ లేదు. మా కోళ్ళు కూడా బయటికి రావాలా వద్దా అని కొట్టం గుమ్మంలో నిలబడి ఆలోచిస్తున్నాయి.

అన్నయ్య భుజాన ఒక సంచి, చంకలో లారీ సీటు మీద వేసుకునే దిండు. అంతకాలం తోలినందుకు తెచ్చుకున్న ఆస్తి అదే.

"ఇక తోలను. మానేశాను" అన్నాడు.

వదిన అతని మొహం చూడలేదు, కాళ్ళు చూసింది. అన్నయ్య గుమ్మం ముందున్న మెట్టును కాలితో తడిమి, అది తగిలాక ఎక్కాడు. ఆ మెట్టు మేం పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది.

"విసుగొచ్చిందా?" అంది వదిన.

"విసుగే."

లైసెన్సు ఆఫీసులో గోడకున్న అక్షరాలు చదవమంటే, అన్నయ్య గోడ ఎటుందని అడిగాడట. అదే ఆఫీసుకి వేరే పనిమీద వెళ్ళిన మా వీధి టైలరు ఈ కబురు అన్నయ్యకంటే ముందే తెచ్చేశాడు. కాబట్టి వదినకి తెలుసు, నాకు తెలుసు, వీధికి తెలుసు. అన్నయ్య చెప్పలేదు కనక ఎవరూ అడగలేదు.

మాట్లాడటం విషయంలో నా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాకు మాట తొందరగా రాదు. ఒకసారి సంబంధం వస్తే, పిల్ల నచ్చిందా అని అడిగారు. నచ్చింది. సరిగ్గా ఎలా చెప్పాలా అని ఆలోచించుకుని చెబుదామనుకున్నాను. నేను ఆలోచించుకునేలోగా ఆ పిల్లకి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. అందుకని అన్నయ్యా వదినలతోనే ఉంటూ, ఉన్న కాస్త పొలం చూసుకుంటున్నాను. పొలానికి మాటలక్కర్లేదు.

ఇంటికొచ్చిన అన్నయ్య అరుగు మీద కూచున్నాడు. రోడ్డు మీద పోయే ప్రతి బండినీ చెవితో పట్టుకుని తిట్టాడు. "వీడి క్లచ్చు చచ్చింది." "వీడు ఆయిలు మార్చి ఎన్నాళ్ళయిందో, దరిద్రుడు." బండ్లు వినిపించుకోకుండా పోయేవి. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు. తిన్నది ఏమిటో తెలియకుండా తిని లేచిపోయేవాడు. వదిన ఆ పళ్ళెం కేసి చూసి నిట్టూర్చేది.

అప్పుడు వచ్చాడు కాంట్రాక్టరు. వదినకి స్వయానా అన్న. ఇళ్ళు కట్టిస్తాడు. ఎవరింటికి వెళ్ళినా గోడ మీద వేలి కణుపుతో కొట్టి, పెదవి విరిచి, ఆ తర్వాత కూచుంటాడు. మా గోడనీ కొట్టి, విరవాల్సింది విరిచి, కూచున్నాడు.

"బావా, ఇలా అరుగు అరిగిపోయేలా కూచుంటే ఏం బావుంటుంది చెప్పు. నా గోడౌనుకి కాపలా మనిషి కావాలి. కుర్చీ వేయిస్తాను, ఫ్యాను పెట్టిస్తాను. పనేం ఉండదు. వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కూచోవడమే."

"చూస్తూ కూచోవడమా?" అన్నాడు అన్నయ్య.

"అంతే బావా. చూడటమే పని."

లోపల వదిన చేతిలోంచి గరిటె జారిపడింది. నేను పైకప్పు వాసాలు లెక్కపెడుతున్నట్టు మొహం పెట్టాను. అన్నయ్యని ఆ కుర్చీలో ఊహించుకున్నాను. వచ్చిందెవరో తెలియక ప్రతి నీడకీ లేచి నిలబడుతూ, దండం పెట్టాలో కర్ర ఎత్తాలో తేల్చుకోలేక.

"నాకు కుదరదు. పనుంది" అన్నాడు అన్నయ్య. "గ్యారేజీ పెడుతున్నాను. మన కొట్టంలోనే."

ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది. అన్నయ్యక్కూడా అప్పుడే తెలిసిందనుకుంటాను.

"గ్యారేజీయా! అందులో ఏ బండి పెడతావు?"

"నాన్న జీపు."

కాంట్రాక్టరు నవ్వి నవ్వి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నాన్న పోయినప్పటి నుంచీ ఆ జీపు కొట్టంలో పట్టా కిందే ఉంది. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెడతాయి. వదిన రోజూ పొద్దున్నే జీపు తలుపు తీసి గుడ్లు ఏరుకుని, తలుపు మర్యాదగా వేసి వస్తుంది.

"సరే బావా. మొదటి వాన పడేలోగా ఆ జీపుని రోడ్డెక్కించు. నేనిక నోరెత్తను. ఎక్కలేదనుకో, దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేసి, కొట్టం నా సిమెంటు బస్తాలకి ఇచ్చి, నువ్వొచ్చి గోడౌన్లో కూచోవాలి. ఏమంటావు చెల్లీ?"

వదిన గుమ్మంలోకి వచ్చింది. అన్నయ్య కూచుని కూచుని అరుగు మీద పడిన మరకకేసి చూసింది.

"సరే" అంది.

* * *

మర్నాడే పట్నంలో పనిముట్ల కొట్టుకి వెళ్ళాం. కొట్టు యజమానికి ముక్కు మీద ఒక కళ్ళజోడు, నుదుటి మీద ఇంకో కళ్ళజోడు. మా అన్నయ్యకి ఒక్కటీ లేదు. పెట్టుకుంటే ఒప్పుకున్నట్టవుతుందని.

"ముందు వైసు చూపించు" అన్నాడు అన్నయ్య. "వంటింటికి పొయ్యి లేకపోతే మిగతా గిన్నెలన్నీ ఎందుకు? ఇదీ అంతే. పట్టుకునేది గట్టిగా ఉంటే విప్పేది తర్వాత చూసుకోవచ్చు."

యజమాని ఒక చిన్న వైసు చూపించాడు, వస్తువుని దవడల మధ్య బిగించి పట్టే ఇనప పరికరం. అన్నయ్య దాని దవడల మధ్య బొటనవేలు పెట్టి పిడి తిప్పమన్నాడు నన్ను. తిప్పాను. ఇంకా తిప్పమన్నాడు. యజమాని మొహం నెప్పిగా పెట్టాడు, అన్నయ్య పెట్టలేదు. "ఊగుతోంది. దవడ ఊగే వైసు ఎందుకు, దానికంటే మా తాతే నయం. పెద్దది తియ్యి." పెద్దది ఊగలేదు. దాన్ని మోసేటప్పటికి నేను ఊగాను.

సుత్తుల్ని ఒక్కొక్కటే చేతిలో ఊపి చూశాడు. "పిడి చేతిలో నిద్రపోవాలి. ఇది దొర్లుతోంది." జాకీ దగ్గరికొచ్చేసరికి నన్ను దానిమీద ఎక్కి నిలబడమన్నాడు. ఎక్కాను. పంపు కొట్టి నన్ను పైకి లేపాడు. కొట్లోవాళ్ళంతా పని మానేసి చూశారు.

"సార్, అది బండ్లకండీ, మనుషులకి కాదు!"

"కిందికి దిగుతోందా తమ్ముడూ?"

"లేదు."

"ఇంకాసేపు ఉండు."

నేను ఆ ఎత్తులో ఉండగానే అన్నయ్య రంపపు బ్లేళ్ళు, నూనెడబ్బా, గ్రీజు గన్ను ఎంచుకున్నాడు. నా తల పై అరల ఎత్తున ఉంది కాబట్టి అక్కడి దుమ్మంతా నేనే చూశాను. జాకీ దిగలేదు. "మంచిదే. కానీ ఇది లేపడానికే, మోయడానికి కాదు. మోయడానికి ఇనప స్టాండ్లు వేరే కావాలి. జాకీని నమ్మి బండి కింద దూరినవాడు మళ్ళీ పైకి రాడు" అన్నాడు అన్నయ్య. ఆ మాటకి యజమాని మొదటిసారి గౌరవంగా చూశాడు. వెంటనే, బేరం పెరుగుతుందనుకున్నాడేమో, కరెంటుతో తిరిగే మిషనొకటి తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఇదుంటే నట్టు చేత్తో తిప్పే పనే లేదు సార్. మీట నొక్కితే చాలు."

"చేత్తో తిప్పకపోతే నట్టు ఏమంటోందో ఎలా తెలుస్తుంది?"

"నట్టు ఏమంటుంది సార్?"

"ఒక్కోసారి ఇక చాల్లే, విరిగిపోతాను అంటుంది. నీ మిషను వింటుందా అది?"

మిషను లోపలికి వెళ్ళిపోయింది. చివరికి పానాలు. అన్నయ్య ఒక్కో పానానీ దారం కట్టి వేలాడదీయించి, ఇంకో పానాతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"అయ్యా, నువ్వు కొనేది పానాలా, గంటలా?" అన్నాడు యజమాని. సార్ అనడం అప్పటికి మానేశాడు.

"మంచి ఇనుము పలుకుతుంది. చెడ్డది మూలుగుతుంది. ఇదిగో, ఇది విను, మూలుగు. ఇది తీసెయ్."

కొట్టంతా మోగింది. ఆఖరికి ఒక కొత్త పెట్టె కుదిరింది. అందులోవన్నీ పలికాయి.

"ఏ లెక్కవి కావాలి?" అన్నాడు యజమాని.

"మంచివి."

పెట్టె మూత మీద పెద్ద అక్షరాలతో మిల్లీమీటర్లు అని ఉంది. నాన్న జీపుకి ఉన్నవన్నీ అంగుళాల నట్లు. చిన్నప్పుడు నాన్నకి పానాలు అందించింది నేనే. అన్నయ్యకేసి చూశాను. ఆ అక్షరాల మీద వేళ్ళు ఆనించి, చదివినట్టే తలాడించాడు. అన్నేళ్ళు లారీలు విప్పినవాడు, ఏదో ఉపాయం ఉండే ఉంటుందనుకున్నాను. నేను చెప్పేదేంటని ఊరుకున్నాను.

* * *

బెంచీ మేమే వేశాం. పాత తలుపు చెక్కలు బల్ల, ఇనప గొట్టాలు కాళ్ళు. కాళ్ళని గోతుల్లో పెట్టి సిమెంటు పోశాం. ఎక్కడ పెట్టాలని అడిగితే అన్నయ్య కొట్టమంతా తిరిగి, గుమ్మం పక్కన నిలబడి, "ఇక్కడ. ఇక్కడే వెలుతురు బావుంది" అన్నాడు. వైసుని వెలుతురు ఇంకా బావుండే చోట, బల్ల చివర బోల్టులేసి బిగించాడు. దాని దవడ గుమ్మంలోకి పొడుచుకొచ్చింది, దారిలో నిలబడి కబుర్లాడే మనిషి మోచెయ్యిలా.

అన్నయ్య ధ్యాసంతా ఇంజను మీద ఉంది. బండి బయటికి రావాలన్న సంగతి అతని తలపుకే రాలేదు. నాకు వచ్చింది. జీపు వెడల్పు చూశాను, గుమ్మంలో మిగిలిన సందు చూశాను. రాదు. చెబుదామని నోరు తెరిచేసరికి కాంట్రాక్టరు టేపుతో వచ్చి, ఎన్ని వరసల బస్తాలు పడతాయో కొట్టం కొలుచుకుంటున్నాడు. అతనితోపాటు పాత సామాన్లవాడు కూడా వచ్చి, జీపు టైర్లని కాలితో తన్ని చూస్తున్నాడు. అప్పుడు నాకొకటి తోచింది. ఈ సందులోంచి జీపు రోడ్డెక్కదు గానీ, పాత సామాన్లవాడి లారీ మీదికి కూడా ఎక్కదు. నోరు మూసుకున్నాను. నాకది కష్టమైన పని కాదు.

వదిన మొదట్లో ఆ వైపు రాలేదు. గుడ్ల చోటు మారిందని కోపం. ఒకరోజు మూత బిగుసుకుపోయిన సీసా పట్టుకుని వచ్చింది.

"ఆ ఇనప మొసలి ఎందుకైనా పనికొస్తుందా, లేక మీ అన్నదమ్ములకి ఆడుకోవడానికేనా?"

అన్నయ్య మూతకి గుడ్డ చుట్టి వైసులో పట్టించి, సీసాని మెల్లగా తిప్పాడు. టక్కుమని వచ్చింది. వదిన సీసానీ మూతనీ మార్చి మార్చి చూసి వెళ్ళింది. మర్నాడు కుక్కరు పిడి తెచ్చింది. ఆ తర్వాత మంచం కోడు. ఆ తర్వాత మమ్మల్ని పిలవడం కూడా మానేసి తనే వచ్చి, తనే బిగించుకుని, తనే విప్పుకుని పోయేది. ఒక పాత గుడ్డ ముక్క కుట్టి వైసుకి ముసుగు కూడా వేసింది, దుమ్ము పడకుండా.

కబురు వీధిలోకి పోయింది. టైలరు మిషను తొక్కుడు పలక తెచ్చాడు. టీచరమ్మ విరిగిన గొడుగు తెచ్చింది. పాలాయన సైకిలు తెచ్చాడు. జీపు తప్ప అన్నీ బాగవుతున్నాయి.

ఇక జీపు మొదలుపెట్టిన రోజు. అన్నయ్య కొత్త పెట్టె తెరిచి, పానా ఎంచి, నట్టుకి పట్టించాడు. వదులు. ఇంకోటి పట్టించాడు. ఎక్కలేదు. మళ్ళీ మొదటిది పట్టించి బలంగా తిప్పాడు. పానా జారి, నట్టు అంచులు అరిగి, అన్నయ్య వేలి కణుపులు గీరుకుపోయాయి. నట్టుని తిట్టాడు. దాన్ని చేసినవాణ్ణి తిట్టాడు. జీపుని ఎవరు తయారుచేశారో వాళ్ళ పెద్దల్ని తిట్టాడు. పెట్టెలో ఉన్న పానాలన్నీ అయిపోయాయి, తిట్లు కూడా దాదాపు అయిపోయాయి. అప్పుడు కింద కూచుని, పానాని నాకేసి చాపాడు.

"దీనిమీద ఏం రాసుందో చదువు."

అన్నయ్య ఒకరిని చదవమని అడగడం నేను వినడం అదే మొదటిసారి. చదివాను.

"మిల్లీమీటర్లు."

అన్నయ్య పానాని వెనక్కి తీసుకున్నాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"కొట్లోనే."

"మరి చెప్పలేదేం రా?"

"నువ్వడగలేదుగా."

అన్నయ్య పానాతో నుదురు గోక్కున్నాడు. నుదుటి మీద గ్రీజు గీత పడింది.

"నా కళ్ళ సంగతి కూడా తెలుసా?"

"ఊళ్ళో అందరికీ తెలుసు."

"మీ వదినకి?"

"అందరికంటే ముందు."

"నేనడగను, నువ్వు చెప్పవు. మనిద్దర్నీ కని అమ్మ ఏం సుఖపడిందిరా!" అని నవ్వడం మొదలెట్టాడు. నేనూ నవ్వాను. చాలాసేపు నవ్వాం. వదిన వచ్చి, ఏం విరిగిందని అడిగింది.

* * *

మళ్ళీ పట్నం వెళ్ళాం. యజమాని పెట్టె తెరిచి చూసి వెంటనే మూశాడు.

"గ్రీజు తగిలిన సరుకు వెనక్కి తీసుకోం."

"నువ్వు మాట్లాడు" అన్నాడు అన్నయ్య నాతో.

బల్ల ముందు నిలబడ్డాను. మాట బయల్దేరింది, కానీ ఇంకా దారిలో ఉంది. యజమాని కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాను.

"అలా చూస్తే లాభం లేదు" అన్నాడు యజమాని.

నేను చూస్తూనే ఉన్నాను. మాట గొంతు దాకా వచ్చింది.

"ఇదిగో బాబూ, రూలంటే రూలే." కాస్త వెనక్కి జరిగాడు. "పోనీ, తుడిచిస్తే చూద్దాం." నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి, ముక్కు మీదిది నుదుటి మీదికి మార్చాడు. "సరే, సరే, ఇచ్చెయ్. గొడవొద్దు. అంగుళాలవి పాత సరుకు లోపలుంది, ఎవరూ కొనరు, అవి పట్టుకుపో. పైగా ఈ ఆకురాయి కూడా ఊరికే ఇస్తాను. ఇప్పుడైనా అటు చూడు."

"మార్చిస్తారా అని అడుగుదామని" అన్నాను నేను.

అన్నయ్య బల్లకి తల ఆనించి నవ్వాపుకున్నాడు. "నాకు చూపానదు. వీడికి నోరు పెగలదు. ఇద్దర్నీ కలిపి ఒక ఖాతాదారు కింద లెక్క వేసుకో" అన్నాడు. వాన రాలేదన్నంత మామూలుగా అన్నాడు.

లోపలి పానాలు తుప్పులో ఉన్నాయి. అన్నయ్య ఒకటి వేలాడదీసి కొట్టాడు. అది మోగి, మోగి, మేం మిగతా పానాలన్నీ సర్దుకునేదాకా మోగుతూనే ఉంది. యజమాని కూడా తల వంచి విన్నాడు.

ఆ సాయంత్రమే వైసులో పానాల్ని పట్టించి, నేను అంకె చదువుతుంటే, అన్నయ్య ఆకురాయితో ఒక్కోదాని పిడి మీద గాట్లు పెట్టాడు. చిన్నదానికి ఒక గాటు, ఆ పైదానికి రెండు, అలా. గాట్లు పూర్తయ్యాక బొటనవేలితో తడుముతూ పెట్టెలో సర్దుకున్నాడు. ఆ వేలు ఎక్కడా ఆగలేదు.

"ఇక నుంచి నువ్వు చూసిందల్లా చెప్పాలి. తెలిసిందా?"

"తెలిసింది."

చెప్పాను. వైరు ఎలక కొట్టిందని చెప్పాను. పెట్రోలు గొట్టం పగిలిందని చెప్పాను. బానెట్ మీద కోడి ఉందని, అది దిగిందని, మళ్ళీ ఎక్కిందని చెప్పాను. "కోడి సంగతి వదిలెయ్" అన్నాడు అన్నయ్య. అతను జీపు కింద దూరినప్పుడు మాటలు వినపడవు. అందుకని కింద నుంచి ఇనుము మీద కణుపుతో కొట్టేవాడు. రెండు దెబ్బలంటే రెండు గాట్ల పానా. నాలుగంటే నాలుగు గాట్లది. ప్లగ్గులకీ అదే లెక్క. నేను ఒక్క దెబ్బ కొడితే మొదటి ప్లగ్గులో తేడా అని, రెండంటే రెండోదాంట్లో. మాట్లాడటానికి అంతకంటే మంచి పద్ధతి నేనెక్కడా చూడలేదు.

ఈలోగా అరుగు ఖాళీ అయింది. రోడ్డు మీద తిట్లు తిన్న బండ్లు ఒక్కొక్కటే మా వాకిట్లో ఆగడం మొదలుపెట్టాయి. క్లచ్చు చచ్చినవాడు వచ్చాడు. ఆయిలు మార్చని దరిద్రుడు కూడా వచ్చాడు. వదిన అన్నం పెడితే, ఉప్పు తగ్గిందన్నాడు అన్నయ్య ఒకరోజు. వదిన ఉప్పు డబ్బా తేవడానికి లోపలికి వెళ్ళి, చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎండాకాలం అంతటిలో అతను తిన్నదాని రుచి చెప్పడం అదే మొదలు.

* * *

కాంట్రాక్టరు మబ్బు చూసుకునే వచ్చాడు. చంకలో గొడుగు, వెనకాల లారీలో పాత సామాన్లవాడు, మోకులు, గునపం.

"ఏం బావా, వానొచ్చేట్టుంది."

"వస్తుంది" అన్నాడు అన్నయ్య. "కూచో."

బానెట్ తెరిచే ఉంచి, సీటులో కూచుని తాళం తిప్పాడు. జీపు దగ్గింది. మళ్ళీ తిప్పాడు. జీపు ఒళ్ళంతా వణికి, వెనక నుంచి కొట్టమంతా నిండే పొగ వదిలి, అంటుకుంది. కోళ్ళు అన్నివైపులా ఎగిరాయి. ఒకటి కాంట్రాక్టరు గొడుగు మీద వాలింది. ఇంజను నాన్న ఉన్నప్పటి గొంతుతోనే పలికింది. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"స్టార్టయితే సరా? రోడ్డెక్కాలి, రోడ్డు" అన్నాడు కాంట్రాక్టరు కోడిని దులుపుకుంటూ.

"నువ్వు తోలరా తమ్ముడూ" అని అన్నయ్య దిగాడు.

ఎక్కి, గేరు వేసి, వదిలాను. జీపు జానెడు కదిలింది. బంపరు వెళ్ళి వైసు దవడని తాకింది. ఖంగుమని మోగింది.

"మంచి వైసు" అన్నాడు అన్నయ్య అలవాటుగా.

తర్వాత దగ్గరికొచ్చి, ఒక చెయ్యి బంపరు మీదా ఒక చెయ్యి వైసు మీదా వేసి, సందు తడిమి చూశాడు. బెంచీ కాళ్ళ దగ్గర సిమెంటు తడిమాడు. నా కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"బెంచీ వేసినప్పట్నుంచి."

"చూసిందల్లా చెప్పమన్నానా లేదా?"

"నువ్వా మాట అన్నది తర్వాత. ఇది నేను ముందే చూసింది."

అన్నయ్య మీసం దువ్వుకున్నాడు.

"పందెం పోయింది బావా!" కాంట్రాక్టరు చేతులు దులుపుకున్నాడు. "రోడ్డెక్కలేదు. ఏమయ్యా, లాగెయ్."

పాత సామాన్లవాడు సందు కేసి చూసి తల గోక్కున్నాడు. "ఇది మాకూ రాదండీ. ఈ బెంచీ కొట్టేస్తే తప్ప."

"కొట్టెయ్."

పాత సామాన్లవాడు గునపం ఎత్తాడు.

"ఎవరు కొట్టేది?" అంది వదిన. ఆమె వాకిలి దాటడం ఎవరూ చూడలేదు. చేతిలో సీసా ఉంది, మూత బిగుసుకుపోయిన సీసా. వచ్చి వైసుకి అడ్డంగా నిలబడింది. "నా వైసు మీద చెయ్యి వెయ్యమను చూస్తాను."

"నీ వైసేంటే?" అన్నాడు అన్నయ్య.

"మీరూరుకోండి. దాన్ని మీకంటే నేనే ఎక్కువ వాడాను."

"చెల్లీ, నువ్వేగా సరేనన్నావు!"

"అన్నానన్నా. అప్పుడు ఈయన అరుగు మీద కూచుని పోయే బండ్లని తిట్టేవారు. ఇప్పుడా బండ్లే ఇంటికొచ్చి తిట్టించుకుంటున్నాయి. నీ బస్తాలు ఇంకెక్కడన్నా పెట్టుకో."

"మరి నా గోడౌను కాపలా?"

"కళ్ళు కనపడేవాణ్ణి పెట్టుకో" అంది వదిన.

పాత సామాన్లవాడు గునపం దించాడు. ఇంజను మాత్రం తన మాట తాను మాట్లాడుకుంటోంది. వదిన సీసాని గట్టిగా పట్టుకుని నేల చూస్తోంది. అన్నయ్య ఆమె నిలబడ్డ వైపు తిరిగాడు.

"అదీ నిజమే బావా" అన్నాడు కాంట్రాక్టరుతో. చెయ్యి చాపి ఆమె చేతిలో సీసా తడిమి తీసుకుని, వైసులో పట్టించి, మూత విప్పి ఇచ్చాడు.

అప్పుడు పడింది వాన. రేకుల మీద ఒక్కసారిగా కుమ్మరించినట్టు పడింది. కాంట్రాక్టరు గొడుగు విప్పబోతే అది తెరుచుకోలేదు.

"రేపు తీసుకురా, చూస్తాను" అన్నాడు అన్నయ్య.

"ముందు అన్నాలు తినండి. వాన తగ్గేదాకా ఎక్కడికి పోతారు?" అంది వదిన.

వసారాలో కొట్టానికి ఎదురుగా వరసగా కూచున్నాం. ఈ చివర నేను, పక్కన అన్నయ్య, కాంట్రాక్టరు, ఆ చివర చేతులు కడుక్కుని మొహమాటంగా పాత సామాన్లవాడు. జీపుని ఆపడానికి అన్నయ్య ఒప్పుకోలేదు, మళ్ళీ అంటుకుంటుందో లేదోనని. వదిన వడ్డించి, తనూ ఒక పళ్ళెం పెట్టుకుని కూచుంది. కాంట్రాక్టరు గోడ మీద కొట్టడానికి వేలెత్తి, ఏమనుకున్నాడో, దించి అన్నం కలుపుకున్నాడు. వాన చప్పుడు, దానిలో ఇంజను చప్పుడు.

అన్నయ్య ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. తల పక్కకి వంచాడు. ఇంజను ఒక్క మాట మింగింది. మళ్ళీ మింగింది. నాకు కొట్టం కనపడుతోంది. రేకు చిల్లులోంచి నీటిబొట్టు తెరిచి ఉన్న బానెట్లోకి, సరిగ్గా మూడో ప్లగ్గు మీద పడుతోంది.

పళ్ళెం అంచు మీద వేలి కణుపుతో మూడుసార్లు కొట్టాను.

అన్నయ్య తలాడించి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వదిన లేచొచ్చి, నేను అడిగాననుకుని, నా పళ్ళెంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. వద్దని చెప్పలేదు. తిన్నాను.